కర్రోడు డాక్టరు కాదు మామ్మగారూ, కుక్క

ప్రశ్న: మాది రాజోలు పక్కన పల్లెటూరు. అబ్బాయి కువైట్‌లో ఉంటాడు. కోడలు, ఏడేళ్ల మనవడు నా దగ్గరే ఉంటారు. మనవడికి ఆటిజం అని మూడేళ్లప్పుడు కాకినాడలో చెప్పారు. నాలుగైదు మాటలు తప్ప రావు. కొబ్బరి డొక్కలు తెచ్చి అరుగు మీద వరసగా పేర్చుకుంటాడు. ఎవరైనా కదిపితే గోల పెడతాడు. ఈ మధ్య ఓ వీధికుక్క వాడికి అలవాటైంది. నల్లగా ఉంటుందని కర్రోడు అని పిలుస్తున్నాం. వీడు డొక్కలు పేరుస్తుంటే అది పక్కన పడుకుంటుంది. అది విని హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఓ ఇంగ్లీషు బొమ్మల పుస్తకం పంపింది. అందులో మాట రాని పిల్లాడు కుక్కని పిలుస్తూ మొదటి మాట అంటాడు. మా అందరికీ ఆశ పుట్టింది. కోడలు మాత్రం అది చూసి ఏడ్చింది, ఎందుకంటే చెప్పదు. ఇలాంటి కథలు నిజమేనా? వాడికి తెలుగులో చెప్పొచ్చా? నేను ధర్మరాజు కుక్క కథ చెప్తే చివర్లో చెవులు మూసుకుని లేచిపోతున్నాడు. కర్రోణ్ణి ఇంట్లో పెట్టుకోమంటారా?
– ఒక మామ్మ, కోనసీమ

జవాబు:

మామ్మగారూ,

మీరు అడిగినవాటికంటే ముందు, అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. కోడలు ఎందుకు ఏడ్చింది? అక్కణ్ణుంచి మొదలుపెడదాం. మీ మిగతా ప్రశ్నలకి దారి కూడా అక్కడే ఉంది.

ఆ పుస్తకాన్ని ఈసారి కోడలి వైపు నుంచి చదవండి. పిల్లాడు మాట్లాడడు. అమ్మ బతిమాలుతుంది, నాన్న బతిమాలతాడు, డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. ఓ రోజు ఇంటికి కుక్క వస్తుంది. నాలుగు పేజీలు తిప్పేసరికి పిల్లాడి నోట మాట. మీకూ మీ అమ్మాయికీ అందులో ఆశ కనిపించింది. మరి ఏడేళ్లుగా వాడికి అన్నం కలిపి పెట్టి, నిద్రపట్టని రాత్రులు వాణ్ణి భుజాన వేసుకుని నడవా అంతా తిరిగి, బస్సులో వాడు అరిస్తే అందరి చూపులూ కాసుకున్న మనిషికి ఏం కనిపించి ఉంటుంది? తను ఇన్నేళ్లు పడి తేలేని మాట కుక్క వారంలో తెచ్చింది. అంటే లోపం తన దగ్గరే ఉందన్నమాట. ఆవిడ మనసులో ఉన్నది సరిగ్గా ఇదేనని నేను చెప్పలేను. ఇలాంటి కథలు చదివి ఇదే మాట నాతో అన్న తల్లులు మాత్రం ఉన్నారు.

తల్లి మీద ఈ నింద కొత్తది కాదు. ఆటిజాన్ని 1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో పదకొండు మంది పిల్లల్ని చూసి వివరంగా రాశాడు. ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువన్న మాట కూడా అందులో దొర్లింది. తర్వాత ఇరవై ఏళ్ల పాటు పెద్ద పెద్ద వాళ్ళే, తల్లి ప్రేమ చాలక పిల్లలు ఇలా అవుతారని పుస్తకాలు రాశారు, ఉపన్యాసాలు ఇచ్చారు. దాన్ని 1964లో గట్టిగా తిప్పికొట్టినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మానసిక శాస్త్రవేత్త, పైగా ఆటిజం ఉన్న పిల్లాడికి తండ్రి. ఇది మెదడు ఎదిగే తీరుకి సంబంధించిందే తప్ప పెంపకం వల్ల వచ్చేది కాదని చూపించాడు. 1969లో కానర్ కూడా తల్లిదండ్రుల సభకి వచ్చి, మీ తప్పేమీ లేదని చెప్పాల్సి వచ్చింది. డాక్టర్లు ఎప్పుడో వదిలేసిన ఆ మాట ఇప్పుడు బొమ్మల పుస్తకాల్లో వేషం మార్చుకుని తిరుగుతోంది. ప్రేమ దొరగ్గానే పిల్లాడు విచ్చుకున్నాడని కథ చెప్పారంటే, అంతకుముందు ప్రేమ లేదని చెప్పినట్టే. రాసినవాళ్ళకి ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు. చదివే తల్లికి మాత్రం తగలాల్సిన చోటే తగులుతుంది. మీ వీధిలో "ఫోనిచ్చి కూర్చోబెట్టడం వల్లే ఇలా అయ్యాడు" అనేవాళ్ళు ఈపాటికి ఉండే ఉంటారు. ఆ పుస్తకం కూడా వాళ్ళ వైపు చేరింది, అంతే.

కాబట్టి ఆ పుస్తకాన్ని కొన్నాళ్లు బీరువాలో పెట్టెయ్యండి. మీ అమ్మాయిని ఏమీ అనకండి, మంచి మనసుతోనే పంపింది.

అలాంటి కథలు నిజమేనా అన్నారు. నిజం కొంత ఉంది. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్‌సన్ అని పిల్లల మానసిక నిపుణుడు ఉండేవాడు. ఓ రోజు ఓ తల్లి తన కొడుకుని చెప్పిన వేళకంటే ముందే తీసుకొచ్చేసింది. ఎవరితోనూ కలవని పిల్లాడు. ఆ సమయానికి లెవిన్‌సన్ కుక్క జింగిల్స్ గదిలోనే ఉంది. అది వెళ్ళి పిల్లాణ్ణి నాకితే వాడు జడుసుకోలేదు సరికదా, దాన్ని నిమరడం మొదలుపెట్టాడు. వైద్యంలో కుక్క సాయం గురించి లెవిన్‌సన్ 1962లో రాస్తే మొదట్లో నవ్వినవాళ్ళే ఎక్కువ. 2002లో మార్టిన్, ఫార్నమ్ అనే ఇద్దరు అమెరికాలో ఇలాంటి పిల్లల ముందు ఒకసారి బంతి, ఒకసారి బొమ్మకుక్క, ఒకసారి నిజం కుక్క పెట్టి చూశారు. నిజం కుక్క ఉన్నప్పుడు పిల్లలు ఎక్కువ ఆడారు, ఎక్కువసేపు ధ్యాస నిలిపారు. కెనడాలో 1990ల నుంచి ఆటిజం పిల్లల కోసమే కుక్కలకి శిక్షణ ఇస్తున్నారు. పిల్లాడు ఉన్నట్టుండి రోడ్డు మీదకి పరిగెత్తబోతే అడుగు కదపకుండా ఆపే కుక్కలవి. వాటి వెనక నెలల తరబడి శిక్షణ ఉంటుంది. మన కర్రోడికి ఉన్న చదువల్లా మీ వంటింటి వేళలు తెలియడమే.

ఇవన్నీ చూసినవాళ్ళు చెప్పింది కుక్క పక్కనున్నప్పుడు పిల్లాడు ఎలా ఉన్నాడన్నదే. కుక్క వచ్చి ఆటిజం తీసుకుపోయిందని వాళ్ళెవరూ చెప్పలేదు. మీ మనవడు మాట్లాడొచ్చు, మాట్లాడకపోవచ్చు. మాట్లాడితే మొదట కర్రోడితోనే మాట్లాడొచ్చు కూడా, ఎందుకంటే ఆ ఇంట్లో వాణ్ణి ఏమీ అడగనిది అదొక్కటే. "ఇదేంటి? అదేంటి? అత్తకి టాటా చెప్పు" అని పొద్దుగూకులూ పరీక్ష పెట్టేవాళ్ళ మధ్య బతుకుతున్న పిల్లాడు వాడు. అందుకని మిమ్మల్ని బతిమాలుకుంటున్నా: వాడు కర్రోడితో ఏదైనా అన్నట్టు వినిపిస్తే ఇంటిల్లిపాదీ అరుగు మీదకి పరిగెత్తకండి. "మళ్ళీ అను నాన్నా, ఫోన్లో అత్తకి వినిపించు" అనకండి. విని ఊరుకోండి. పరీక్షలు లేని చోటు వాడికి ఆ అరుగొక్కటే. అక్కడ కూడా పరీక్ష పెట్టారనుకోండి, ఇంకో చోటు వెతుక్కుంటాడు.

మాట రాలేదని కబుర్లు ఆగక్కర్లేదు. నీళ్ళు, అన్నం, బయటికి, వద్దు, కర్రోడు: వీటికి ఫోటోలు తీసి అట్టముక్కలకి అంటించి వాడి చేతికి అందేలా పెట్టండి. బొమ్మలు చూపించడం అలవాటైతే మాటలు రావని భయపెట్టేవాళ్ళ మాట నమ్మకండి. బొమ్మల వల్ల మాట ఆగిపోదు.

ఇక ధర్మరాజు కథ. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. వాడు చివర్లోనే ఎందుకు లేచిపోతున్నాడు? కథ గుర్తు చేసుకోండి. ద్రౌపది పడిపోయింది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోయారు, కుక్క మాత్రం వెంట వచ్చింది. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కని వదిలి ఎక్కమంటే, వదలనన్నాడు ధర్మరాజు. ఇంతదాకా వింటున్నాడు మీవాడు. తర్వాత ఏమైంది? కుక్క కుక్క కాదు, యమధర్మరాజు. పెద్దవాళ్ళకి అది గొప్ప మలుపు. ఏడేళ్ల పిల్లాడికి, అందులోనూ చెప్పిందాన్ని చెప్పినట్టే తీసుకునే పిల్లాడికి, అక్కడ కుక్క మాయమైపోయింది. ఇంతదూరం నడిచొచ్చిన కుక్క ఏది? దాని సంగతి ఎవరూ చెప్పరే! వాడి చెవులు మూసుకోడానికి కారణం ఇదే అని గట్టిగా చెప్పలేను, మీ గొంతు అక్కడ పెద్దదవుతోందేమో కూడా చూసుకోండి. ఈ రాత్రికి కథని "ఈ కుక్క రాకపోతే నేనూ రాను" దగ్గర ఆపేసి చూడండి. వ్యాసుడు ఏమీ అనుకోడు.

నిజానికి మీ అమ్మాయి పంపిన పుస్తకంలో జరిగిందీ అదే. అందులో కుక్క మందు. పని అయిపోయాక దాని సంగతి ఎవరికీ పట్టదు. పిల్లాడేమో మారాల్సిన వస్తువు. వాడికి డొక్కలు ఎందుకిష్టం, కుక్కకి ఆ అరుగు ఎందుకు చల్లగా ఉంటుంది అని ఒక్క పేజీ అయినా ఉందా? మీ ఇంటి కథలో అవే ఉండాలి.

ఆ కథ మీ ఇంట్లోనే రాసుకోండి. పెద్ద కష్టమేం కాదు. అమెరికాలో కేరల్ గ్రే అనే టీచరు 1991 ప్రాంతంలో ఇలాంటి పిల్లల కోసం ఒక పద్ధతి తెచ్చింది. పిల్లాడి రోజులో జరిగేదాన్నే చిన్న చిన్న వాక్యాల్లో, వాడి వైపు నుంచి చెప్పడం. అలా చెయ్యి, ఇలా చెయ్యకు అని ఆజ్ఞలు తక్కువ, ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అన్న వర్ణన ఎక్కువ. అబద్ధం ఉండకూడదు. "కర్రోడు రోజూ వస్తాడు" అని రాస్తే, రాని రోజు వాడికి లోకం తలకిందులవుతుంది. అందుకే "చాలా రోజులు వస్తాడు" అనాలి. మచ్చుకి నేను ఒకటి రాస్తున్నా, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి:

"నేను అరుగు మీద డొక్కలు పేరుస్తాను. డొక్కలు వరసగా ఉంటే నాకు బావుంటుంది.

కర్రోడు కుక్క. కర్రోడు నల్లగా ఉంటాడు. చాలా రోజులు పొద్దున్నే అరుగు దగ్గరికి వస్తాడు. కొన్ని రోజులు రాడు. రాని రోజు వీధిలో ఇంకోచోట ఉండొచ్చు.

కర్రోడు నా పక్కన పడుకుంటాడు. అరుగు చల్లగా ఉంటుంది. నేను వీపు మీద నిమిరితే కర్రోడికి ఇష్టం. తోక పట్టుకుంటే కర్రోడికి నొప్పి.

మామ్మ కర్రోడికి అన్నం పెడుతుంది. తినేటప్పుడు ఎవరైనా దగ్గరికి వస్తే అన్నం లాక్కుంటారని కుక్కలు భయపడతాయి. అప్పుడు నేను మెట్టు మీద కూర్చుంటాను. గిన్నె ఖాళీ అయ్యాక కర్రోడి దగ్గరికి వెళ్ళొచ్చు.

దింపు రోజు చెట్ల మీంచి కొబ్బరికాయలు ధన్‌మని పడతాయి. ఆ చప్పుడు నాకు నచ్చదు. కర్రోడికీ నచ్చదు. కర్రోడు మంచం కింద దూరతాడు. నేను గదిలోకి వెళ్తాను. అమ్మ తలుపు వేస్తుంది. దింపు అయిపోయాక ఆ చప్పుడు ఉండదు."

అంతే కథ. ఒక్కో వాక్యానికి ఒక్కో ఫోటో. ఫోన్లో తీసినవి రాజోలులో ఏ స్టూడియోలోనైనా కడిగిస్తారు, జెరాక్స్ షాపులో లామినేషన్ చేయించి స్పైరల్ వేయిస్తే వాడు నమిలినా చిరగదు. రోజూ ఒకే వేళకి, ఒకే చోట కూర్చుని, మామూలు గొంతుతో చదవండి. వాడు మీ వైపు చూడకపోయినా వింటున్నాడనే అనుకోండి. పేజీలు వెనక నుంచి తిప్పితే తిప్పనివ్వండి. రాసేది మాత్రం మీరు కాదు, కోడలు రాయాలి. డొక్క బోర్లా పెడతాడా, వెల్లకిలా పెడతాడా, ఏ చప్పుడుకి చెవులు మూసుకుంటాడు, ఏది విన్నా పట్టించుకోడు, ఇవన్నీ ఆవిడకి తెలిసినంతగా మీకూ నాకూ తెలియవు. మీరు చదివేవాళ్ళు.

దింపు, తీర్థం, దీపావళి లాంటివాటికి ఒక్కోదానికి ఒక్కో చిన్న పుస్తకం చేసుకోవచ్చు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వాణ్ణి తీసుకెళ్ళాలని ఉంటే ముందు నుంచీ ఫోటోలతో చెప్పండి: జనం ఉంటారు, డప్పులు మోగుతాయి, బాణసంచా కాలుస్తారు, వద్దనిపిస్తే ఇంటికి వచ్చేస్తాం. ఆ ఆఖరి వాక్యం రాస్తే నిలబెట్టుకోవాలి. దర్శనం కాలేదు, ఇంకొంచెంసేపు అనకూడదు.

ఇంకో కథ కావాలి, అది మనవడికి కాదు. వీధిలో పిల్లలకీ, పండక్కి వచ్చే మేనత్త పిల్లలకీ. వాణ్ణి పిచ్చోడు అనే నోళ్ళు ఉంటాయి కదా, వాళ్ళకి. పుస్తకాల్లో అయితే ఇక్కడ ఆటిజం పిల్లాడు ఏదో అద్భుతం చేస్తాడు, కాలువలో పడ్డవాణ్ణి కుక్క సాయంతో లాగుతాడు, ఊరంతా చప్పట్లు కొడుతుంది. అంత పని చేస్తే తప్ప గౌరవం దొరకదా అని నాకు ఒళ్ళు మండుతుంది. చిన్న కథ చాలు. ఒక పిల్ల పండక్కి మామ్మ ఇంటికి వస్తుంది. అరుగు మీద పరిగెడుతూ డొక్క ఒకటి తన్నేస్తుంది. పిల్లాడు ఏడుస్తాడు. కుక్క లేచి వెళ్ళిపోతుంది. పిల్లకి కంగారు, డొక్క తెచ్చి అక్కడ పెడుతుంది. ఏడుపు ఆగదు. పిల్లాడు వచ్చి దాన్ని బోర్లా తిప్పుతాడు. అప్పుడు చూస్తుంది ఆ పిల్ల, వరస మొత్తం బోర్లాయే ఉందని! ఇంకో డొక్క తెచ్చి బోర్లా పెట్టి దూరంగా కూర్చుంటుంది. కాసేపటికి కుక్క తిరిగొస్తుంది. కౌగిలింతలు అక్కర్లేదు, పిల్లాడి నోట మాటా అక్కర్లేదు. ఇది పగ్గం లేని నోరున్న పిల్లలకి కూడా ఎక్కుతుంది, ఎందుకంటే అందులో కనిపెట్టాల్సింది ఒకటుంది.

కర్రోణ్ణి పెట్టుకోవాలా? పెట్టుకోండి, కానీ ముందు కోడల్ని అడగండి. గిన్నె కడగడం, పిడుదులు తీయడం, వానాకాలం బురదకాళ్ళు తుడవడం ఎవరి నెత్తిన పడతాయో ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ సరేనంటేనే. ఇప్పటికి అరుగు వరకే చాలు, మంచం దాకా రానివ్వక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. "కుక్క వెంటే ఉంటుందిలే" అని వాణ్ణి ఒంటరిగా వదలకండి. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది చెప్పకుండా బయటికి నడిచిపోతారు, నీళ్ళంటే వాళ్ళకి మహా ఆకర్షణ. ఇలాంటి పిల్లల చావులకి నీళ్ళలో మునగడం ఒక పెద్ద కారణం. మన ఊళ్ళలో గడప దాటితే బోదె, బోదె దాటితే పంట కాలువ, దొడ్లో చేపల చెరువు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున నడిచిన పిల్లాడికి, నీళ్ళు వదిలాక అది అదే చోటు అని తెలియదు. గేటుకి వాడి చెయ్యి అందని ఎత్తులో గొళ్ళెం, దానికో గంట పెట్టించండి. చుట్టుపక్కలవాళ్ళకి, కాలువ గట్టు మీద టీ కొట్టు అతనికి చెప్పి ఉంచండి: వీడు ఒంటరిగా కనిపిస్తే పిలవద్దు, పిలిస్తే పలకడు, చెయ్యి పట్టుకుని ఫోన్ చెయ్యమని. కుక్క ఈది ఒడ్డెక్కుతుంది. వాణ్ణి లాక్కురాదు.

రెండోది కాటు. మాట రాని పిల్లాడు కుక్క కరిచిందని వచ్చి చెప్పడు. కొందరికి నొప్పి బయటికి కనిపించదు కూడా. రోజూ స్నానం చేయించేటప్పుడు చేతులు, పిక్కలు, మెడ చూడండి. పన్ను గాటైనా, గోరు గీరినా, ఉన్న పుండుని నాకినా, సబ్బుతో ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. టీకా అక్కడ ఉచితం. చెప్పిన తేదీలకి అన్ని డోసులూ వేయించాలి. కారం అద్దడం, సున్నం పెట్టడం, పసరు మందు, ఇవేవీ వద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించే వైద్యం దాదాపు లేదు. కర్రోడికి టీకా ఉన్నా సరే ఇదే పద్ధతి.

ఓ రోజు కర్రోడు రాకుండా పోవచ్చు. వీధికుక్క బతుకు, లారీలున్న రోడ్డు. అప్పుడు "నిద్రపోయాడు", "ఊరెళ్ళాడు" అని చెప్పకండి. నిద్రపోయాడంటే వాడు రాత్రి పడుకోడానికి భయపడొచ్చు, ఊరెళ్ళాడంటే తండ్రి కువైట్ నుంచి వచ్చినట్టు వస్తాడని గేటు దగ్గర నిలబడొచ్చు. చనిపోయాడని తెలిస్తే చనిపోయాడనే చెప్పండి. ఫోటోల పుస్తకం దాచెయ్యకండి.

ప్రభుత్వం పనులు కూడా ఓ మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, వైకల్య ధ్రువపత్రం లేకపోతే దరఖాస్తు పెట్టించండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాకి ఆటిజం పిల్లలు అర్హులు, ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా అందులోకి వస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం మీ మండలంలో ఎక్కడుందో బడిలో అడగండి. అక్కడి టీచరుకి కోడలు రాసిన పుస్తకం చూపిస్తే బడి గురించి, మధ్యాహ్న భోజనం గురించి ఇంకో రెండు కథలకి సాయం చేస్తారు.

కర్రోణ్ణి ఈ వారంలోనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి రేబిస్ టీకా, నులిపురుగుల మందు వేయించండి. తర్వాత ఏటా ఒకసారి. పండగ దాకా ఆగకండి. అప్పుడు ఇంటినిండా పిల్లలుంటారు, అక్కడ డాక్టరుగారు సెలవులో ఉంటారు.